అలక, మరమ్మతు, తూకం: ‘అజాంత్రిక్’లో యంత్రప్రేమ, మానవ సంబంధాలు

వ్యాససంగ్రహం

రిత్విక్ ఘటక్ దర్శకత్వంలో 1958లో విడుదలైన బెంగాలీ చలనచిత్రం ‘అజాంత్రిక్’. అదే పేరుతో సుబోధ్ ఘోష్ రాసిన కథ దీనికి మూలం. పాత కారును ప్రాణంగా చూసుకునే డ్రైవరు బిమల్ ఇందులో ప్రధాన పాత్ర. జడపదార్థానికి ప్రాణం ఆపాదించే ఆదిమ మనస్తత్వానికి ఇతడు ప్రతీక అన్నది ప్రసిద్ధమైన వ్యాఖ్య. బిమల్ ప్రేమకు మూలం నమ్మకం కాదు, పనితనం అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ పనితనం అతని మానవ సంబంధాలను ఎలా మలచిందో, ఎక్కడ కుదించిందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: యంత్రం, మరమ్మతు, శ్రమ, అనుబంధం, వాచకభేదం, రిత్విక్ ఘటక్, సుబోధ్ ఘోష్.

1. ఉపోద్ఘాతం

రిత్విక్ ఘటక్ (1925-1976) తొలి చిత్రం ‘నాగరిక్’ 1952లోనే పూర్తయినా, ఆయన మరణానంతరం 1977లో గాని విడుదల కాలేదు. అందువల్ల ప్రేక్షకులు చూసిన ఆయన మొదటి చిత్రం ‘అజాంత్రిక్’ అయింది. మూలకథా రచయిత సుబోధ్ ఘోష్ హజారీబాగ్‌లో పుట్టినవాడు. బస్సు కండక్టరుగా పనిచేసిన అనుభవం ఆయనకు ఉంది. బిమల్ రాయ్ ‘సుజాత’ (1959) చిత్రానికీ ఆయన రచనే ఆధారం.

కథలోని కారు పాతకాలపు ఫోర్డు. సినిమాలో అది 1920 నాటి షెవ్రొలే. రెండింటిలోనూ దాని పేరు జగద్దళ్. బెంగాలీలో ఈ మాట కదలించ సాధ్యంకాని బండరాయికి విశేషణంగా వాడుకలో ఉంది. కదలడమే పనిగా గల వాహనానికి కదలనిదాని పేరు పెట్టడంలో హాస్యం ఉంది, ముందున్న విషాదానికి సూచన కూడా ఉంది.

2. శీర్షిక: ‘యాంత్రికం’ కానిది

శీర్షిక సంస్కృత రూపం ‘అయాంత్రిక’. బెంగాలీ ఉచ్చారణలో పదాది యకారం జకారంగా వినిపిస్తుంది. యంత్రం జంత్రం కావడం, యాత్ర జాతర కావడం తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు. అయితే ‘అయాంత్రిక’ అన్న పదానికి యంత్రం కానిది అన్న అర్థంతో మనం ఆగిపోకూడదు. మనసు పెట్టకుండా అలవాటుగా చేసే పనిని తెలుగులో ‘యాంత్రికంగా చేయడం’ అంటాం. ఈ అర్థంలో చూస్తే శీర్షిక కారుకు ఎంత వర్తిస్తుందో, బిమల్ చేసే పనికీ అంతే వర్తిస్తుంది. యంత్రంతో అతడు చేసే పని యాంత్రికం కాదు. ఈ వైరుధ్యమే చిత్రానికి కేంద్రమని నా అభిప్రాయం.

3. వినడం ఒక విద్య

రేడియేటరులో నీళ్లు పోసినప్పుడు జగద్దళ్ గుటకలు వేస్తున్నట్టు శబ్దం వినిపిస్తుంది. దాని దీపాలు కళ్లలా కదులుతాయి. వీటిని హాస్యంగానో, బిమల్ భ్రమగానో వివరించడం సులభం. కానీ మెకానిక్కు షెడ్డు భాష తెలిసినవారికి ఇది భ్రమగా తోచదు. ‘బండి మొరాయించింది’, ‘బ్యాటరీ చచ్చిపోయింది’, ‘ఇంజను పట్టేసింది’ అనే మాటలు మనకు నిత్యవ్యవహారం. ఆ మాటలు అనేవాడు బ్యాటరీకి ఆత్మ ఉందని నమ్మడు. శబ్దంలో వచ్చిన చిన్న మార్పును బట్టి లోపం ఎక్కడుందో పసిగట్టే నేర్పు ఆ రూపకాల వెనుక ఉంటుంది. అటువంటి శ్రవణజ్ఞానానికే ఘటక్ ధ్వనిరూపం ఇచ్చాడు. ప్రేక్షకుడు వింటున్నది కారును కాదు, బిమల్ చెవితో కారును.

ఘటక్ ఈ చిత్రం గురించి రాస్తూ, బిమల్‌ను పిచ్చివాడన్నా పసివాడన్నా ఆదివాసి అన్నా ఒక స్థాయిలో ఒకటేనని, జీవం లేని వస్తువులపట్ల వారి స్పందన అనాదియైనదని అభిప్రాయపడ్డాడు. దర్శకుని మాట కాబట్టి ఈ వ్యాఖ్యకు గౌరవం దక్కింది. కానీ చిత్రమే దీనిని పూర్తిగా సమర్థించదు. ఊరి పిచ్చివాడికి తన పాత గిన్నె అంటే ప్రాణం. కొత్త గిన్నె చేతికి రాగానే పాతదాన్ని మరచిపోతాడు. బిమల్‌కు అది సాధ్యం కాదు. పిచ్చివాడిది వస్తువుపై మమకారం. బిమల్‌ది 15 ఏళ్లపాటు విప్పి, తుడిచి, బిగించి సంపాదించుకున్న బంధం. ఈ భేదాన్ని చెరిపివేస్తే శ్రామికుని జ్ఞానం అమాయకత్వంగా మిగిలిపోతుంది. చిత్రంలోని ఉరావ్‌లను ఆదిమత్వానికి గుర్తుగా మాత్రమే చూడడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. ద్రావిడ భాషా కుటుంబానికి చెందిన కుడుఖ్ మాట్లాడే ఆ సమాజానికి తనదైన చరిత్ర, శ్రమసంస్కృతి ఉన్నాయి.

4. ‘అది’ అనే సర్వనామం

బెంగాలీ ప్రథమపురుష సర్వనామాల్లో స్త్రీపురుష భేదం లేదు. మనుషులకూ వస్తువులకూ మధ్య మాత్రం భేదం ఉంది. మనుషులకు వాడే సర్వనామంతో కారును ప్రస్తావిస్తే దానికి వ్యక్తిత్వం వస్తుంది, లింగం రాదు. తెలుగులో స్థితి వేరు. ఏకవచనంలో మహద్వాచకాలు ఒకవైపు, తక్కినవన్నీ మరొకవైపు. ‘అలిగింది’ అన్న క్రియకు కర్త భార్య కావచ్చు, బండి కావచ్చు. కాబట్టి ఈ కథను తెలుగులో చెప్పినప్పుడు ‘జగద్దళ్ అలిగింది’ అనగానే, మూలంలో తప్పనిసరి కాని స్త్రీత్వం కారుకు అంటుకునే అవకాశం ఉంది.

ఇది కేవలం వ్యాకరణ విషయం కాదు. ప్రియుడు వంచించి వదిలివేసిన యువతి బిమల్ జీవితంలోకి రావడం, ఆమెను రైలెక్కించాక కారు మొరాయించడం కథలో లేని ఘట్టాలు. వీటిని చూసి కారును సవతిగా, దాని మొరాయింపును అసూయగా వ్యాఖ్యానించడం తేలిక. ఆ వ్యాఖ్యానంలో యువతి, యంత్రం ఒకే స్థానానికి పోటీపడే రెండు వస్తువులవుతాయి. నిజానికి బిమల్ యువతిపట్ల చూపిన ఆదరణ యంత్రం దగ్గర నేర్చినదే. కష్టంలో ఉన్నదాన్ని గుర్తించడం, చేయగలిగింది చేయడం అతనికి తెలుసు. టికెట్టు కొనిపెట్టగలడు. మనసులో ఏముందో చెప్పలేడు. కారుకు మాట అవసరం లేదు, మనిషికి అవసరం. యంత్రప్రేమ అతనికి శ్రద్ధను నేర్పింది, సంభాషణను నేర్పలేదు. మానవ సంబంధాల విషయంలో అతని బలం, లోపం రెండూ ఇక్కడే ఉన్నాయి.

5. ప్రేమ పరీక్షగా మారినప్పుడు

మెకానిక్కు గౌర్ పాత్రను విమర్శ మరింతగా పట్టించుకోవలసి ఉంది. యంత్రం తెలిసినవాడికి దాని ఆయుష్షు కూడా తెలుస్తుంది. బిమల్ మాత్రం ఉన్న డబ్బంతా మరమ్మతుకు ఖర్చుచేసి, కారు కోలుకుందో లేదో చూడడానికి దానిమీద రాళ్లు నింపి నడుపుతాడు. చిత్రంలో అతి క్రూరమైన ఘట్టం ఇదే. అంతవరకు వినడం తెలిసినవాడు ఇక్కడ వినడం మానేస్తాడు. ఋజువు అడుగుతాడు. బండరాయి పేరుగల కారు నిజంగానే రాళ్ల బరువు కింద ఓడిపోతుంది. మరమ్మతు అంటే వస్తువు పరిమితిని ఒప్పుకొని పనిచేయడం. పరిమితిని నిరాకరించిన క్షణంలో బిమల్ పనితనం అధికారంగా మారుతుంది. కుటుంబంలోనైనా, కార్యక్షేత్రంలోనైనా ప్రేమ పేరుతో సాగే ఒత్తిడికి ఈ ఘట్టం చక్కని నమూనా.

తరువాత మిగిలేది తూకం. జగద్దళ్ పాత ఇనుము కింద అమ్ముడవుతుంది. 15 ఏళ్ల శ్రమకు, ఆ శ్రమలో పుట్టిన జ్ఞానానికి త్రాసులో చోటు లేదు. ప్రజానాట్య ఉద్యమంలో పనిచేసిన ఘటక్, శ్రమకూ సరుకు విలువకూ మధ్యగల అగాధాన్ని ఉపన్యాసం లేకుండా ఇక్కడ చూపించాడు.

6. ముగింపు

కథ చివర బిమల్ చెవికి జగద్దళ్‌ను విప్పుతున్న చప్పుళ్లు గోరీ తవ్వుతున్న చప్పుళ్లుగా వినిపిస్తాయి. చిత్రం మరో అడుగు వేస్తుంది. బండిమీద ముక్కలు తరలిపోయాక, పడిపోయిన హారన్ ఒక పసివాడి చేతికి చిక్కి మోగుతుంది. బిమల్ కన్నీళ్లతోనే నవ్వుతాడు. దీనిని పునర్జన్మగా చెప్పడం పరిపాటి. పై పరిశీలనను బట్టి మరొక అర్థం కూడా సాధ్యం. ఆ శబ్దం ఇక అతని సొంతం కాదు. తనది కాని చేతిలో, తన ప్రమేయం లేకుండా మోగుతున్నదాన్ని విని అతడు సంతోషించగలిగాడు. రాళ్లు నింపిన రోజున పోగొట్టుకున్న వినికిడి అతనికి తిరిగి వచ్చింది.

పనిమీది ప్రేమ మనిషిని మనుషులకు దూరం చేస్తుందా, దగ్గర చేస్తుందా అన్న ప్రశ్నకు ‘అజాంత్రిక్’ ఒక్కమాటలో జవాబు చెప్పదు. పనిలో అలవడిన శ్రద్ధ పరిమితులను ఒప్పుకున్నంతవరకు అది మనుషుల వైపు ప్రవహిస్తుందని, స్వాధీనంగా మారినప్పుడు పనిముట్టునూ మనిషినీ కూడా విరిచివేస్తుందని మాత్రం నిరూపిస్తుంది. తెలుగు కథలోని వృత్తిజీవుల పాత్రలను వృత్తుల పతనానికి సాక్ష్యాలుగా చదవడం మనకు అలవాటు. వారి చేతిలోని జ్ఞానం వారి అనుబంధాలను ఎలా తీర్చిదిద్దిందన్న దృష్టితో ఆ కథలను పునఃపరిశీలించడానికి ఈ చిత్రం ఉపకరిస్తుంది.