సరస్సు దాటితేనే కోట

వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో కారు ఆపిన చోటికీ మ్యాజిక్ కింగ్‌డమ్ గేటుకీ నడుమ ఒక సరస్సు అడ్డం వస్తుంది. దానంతటదే వెలిసిన సరస్సు కాదు, పనిగట్టుకుని తవ్వించినది. ఫ్లోరిడాలో 1971 అక్టోబర్ 1న ఈ పార్కు తెరిచేనాటికి డిస్నీ కంపెనీ చేతిలో 27 వేల ఎకరాలకు పైగా భూమి ఉంది. గేటు పక్కనే ఎంత పెద్ద పార్కింగ్ అయినా కట్టుకోవచ్చు. అయినా వచ్చినవాళ్లను ఇవతలి ఒడ్డునే దింపి, మోనోరైలో పడవో ఎక్కి అవతలికి వెళ్లమన్నారు. పడవ కదిలాక కోట నీళ్ల మీదుగా కొంచెం కొంచెంగా పెద్దదవుతూ వస్తుంది. పిల్లలు కమ్మీ వదలరు. గేటు ఇంకా దాటనే లేదు, సెలవు మాత్రం మొదలైపోయింది.

డెబ్భైల్లో, ఎనభైల్లో అక్కడ సెలవులు గడిపినవాళ్లు ఇప్పుడు తాతలూ నాయనమ్మలూ అయ్యారు. వాళ్ల ఇళ్లలో సూపర్ 8 రీళ్లు, పోస్టుకార్డులు, వాడగా మిగిలిన టికెట్ పుస్తకాలు ఇంకా దొరుకుతాయి. హోటల్ లాబీలో అప్పట్లో వినిపించిన సంగీతాన్ని వెతికి పట్టుకుని దాచుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇదంతా పోయిన బాల్యం మీది బెంగేనని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. బాల్యం మీద ప్రేమ అందులో లేకపోలేదు. కానీ వాళ్లు తలుచుకునే వాటిని ఒక్కొక్కటే విప్పి చూస్తే లోపల గొప్ప పనితనం కనిపిస్తుంది. మనిషిని ఒక లోకంలోంచి ఇంకో లోకంలోకి తొందరపెట్టకుండా, అతుకు తెలియకుండా తీసుకెళ్లే పనితనం అది.

ఆ పనితనం వెనక ఒక ఎదురుదెబ్బ ఉంది. 1955లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ కట్టినప్పుడు వాల్ట్ డిస్నీ దగ్గర డబ్బు తక్కువ. కొన్న స్థలం సుమారు 160 ఎకరాలు. పార్కు బాగా నడవడంతో చుట్టూ మోటళ్లు, నియాన్ బోర్డులు మొలిచాయి. పక్కనున్న డిస్నీల్యాండ్ హోటల్ కూడా ఆయనది కాదు, జాక్ రాథర్ అనే వ్యాపారిది. లోపల కథ ఎంత అందంగా చెప్పినా గేటు దాటగానే తెగిపోయేది. అందుకే ఫ్లోరిడాలో ఎవరికీ తెలియకుండా వేరువేరు కంపెనీల పేర్లతో భూమి కొన్నారు. వాల్ట్ 1966 డిసెంబర్‌లో కన్నుమూశాడు. రిటైర్ కావలసిన అన్న రాయ్ డిస్నీ ఆ పని భుజాన వేసుకుని పూర్తిచేశాడు. తమ్ముడి పూర్తి పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టి వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పెట్టించాడు. పార్కు తెరిచిన మూడు నెలలలోపే ఆయనా పోయాడు.

ఈసారి హోటళ్లు కూడా కథలో భాగమయ్యాయి. మొదట రెండే, కాంటెంపరరీ, పాలినీషియన్ విలేజ్. కొద్ది వారాల తర్వాత గుడారాలు వేసుకునేవాళ్ల కోసం ఫోర్ట్ వైల్డర్‌నెస్ వచ్చింది. కాంటెంపరరీ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరం ‘ఏ’ ఆకారంలో ఉక్కు చట్రం నిలబెట్టారు. గదులను కొన్ని మైళ్ల దూరంలో విడిగా, స్నానాల గదితో సహా తయారుచేసి, లారీల మీద తెచ్చి, క్రేన్‌తో ఎత్తి ఆ చట్రంలో ఒక్కొక్కటిగా అమర్చారు. యూఎస్ స్టీల్ సంస్థ చేసిన పని అది. ఆ కట్టడం నడుమ పెద్ద ఖాళీ వదిలి, అందులోంచి మోనోరైలును దూసుకుపోనిచ్చారు. పొద్దున్నే ఇడ్లీ తింటున్న మనిషి తల మీదుగా రైలు పోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడివాళ్లు పాన్‌కేకులు తింటూ ఆ దృశ్యం చూసేవారు. అదే హాలులో చిత్రకారిణి మేరీ బ్లెయిర్ రంగుల పలకలతో వేసిన 90 అడుగుల కుడ్యచిత్రం ఉంది. అందులో ఒక మేకకు అయిదు కాళ్లు. పిల్లలు వారమంతా ఆ మేకను వెతికేవారు. అంత పెద్ద హోటల్లో పిల్లవాడి కోసం ఇలాంటి చిన్న రహస్యం ఒకటి దాచిపెట్టాలని తట్టడమే నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

సరస్సు తవ్విన మట్టి ఏమైందన్నది ఇంకా ఆసక్తికరమైన కథ. డిస్నీల్యాండ్‌లో కౌబాయ్ వేషగాడు ఒకడు భవిష్యత్ లోకమైన టుమారోల్యాండ్ గుండా నడిచి పోతుంటే చూసి వాల్ట్ నొచ్చుకున్నాడని చెబుతారు. కొత్త పార్కులో పనివాళ్లు, సరుకు, చెత్త ఏవీ అతిథుల కంట పడకూడదనుకున్నారు. సొరంగాలు కావాలి. ఫ్లోరిడాలో రెండు పారలు తవ్వితే నీళ్లు పడతాయి. అందుకని సొరంగాలను నేల మీదే కట్టి, సరస్సులోంచి తీసిన మట్టిని వాటి చుట్టూ, పైనా పోసి, ఆ మిట్ట మీద పార్కు కట్టారు. అంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో నడిచేవాళ్లు నిజానికి రెండో అంతస్తులో నడుస్తున్నారు. చెత్తబుట్టల్లో పడ్డది కూడా కింద గొట్టాల్లో గాలి పీల్చుకుపోతుంది. స్వీడన్‌లో పుట్టిన పద్ధతి అది. పక్కనే సహజంగా ఉన్న బే లేక్‌ను తోడి శుభ్రం చేస్తే అడుగున తెల్లటి ఇసుక బయటపడింది. దాన్నే హోటళ్ల ముందు బీచ్‌గా పరిచారు. ఒకచోట తీసింది ఇంకోచోట పనికొచ్చేలా ముందే ఆలోచించారు.

కోట ఎత్తు 189 అడుగులు. కింది నుంచి చూస్తే ఇంకా చాలా ఎత్తుగా అనిపిస్తుంది. పైకి పోయేకొద్దీ కిటికీలనూ బురుజులనూ చిన్నవి చేస్తూ వెళ్లడం వల్ల కన్ను మోసపోతుంది. మెయిన్ స్ట్రీట్ దుకాణాల పై అంతస్తులదీ ఇదే కిటుకు. ఇది సినిమావాళ్ల విద్య. పార్కు గీసినవాళ్లలో చాలామంది స్టూడియో నుంచి వచ్చిన చిత్రకారులు, సెట్లు వేసినవాళ్లు. ‘మాయాబజార్’లో బొమ్మ ఇళ్లతో కట్టిన ద్వారకను చూసి నిజమైన నగరమని నమ్మిన మనకు ఈ విద్య కొత్తది కాదు. తేడా ఒక్కటే, ఇక్కడ చూసేవాడు సెట్టు లోపలే నడుస్తాడు. కాబట్టి మోసం అన్ని వైపుల నుంచీ నిలబడాలి. ఒక లోకం నుంచి ఇంకో లోకానికి పోతున్నప్పుడు కాలి కింద నేల రంగు, గరుకుతనం మారతాయి. సంగీతం మారుతుంది. చెత్తబుట్ట వేషం కూడా మారుతుంది. ఎవరూ వీటిని పట్టి చూడరు. ఎక్కడికో వచ్చామని మాత్రం అందరికీ తెలుస్తుంది.

వాసననూ వదల్లేదు. 1983లో డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న ఎప్కాట్ పార్కులో తెరిచిన ‘హొరైజన్స్’ అనే ప్రదర్శనలో, భవిష్యత్తులో ఎడారిలో సాగుచేసే నారింజ తోట ముందు నుంచి బండి పోతుండగా నారింజ పండ్ల వాసన వదిలేవారు. ఆ ప్రదర్శన 1999లో మూతపడింది, భవనం కూల్చేశారు. దాన్ని చూసినవాళ్లకు కథ సగం మరుపున పడినా ఆ నారింజ వాసన మాత్రం గుర్తుంది.

ఇప్పుడు టికెట్ పుస్తకం సంగతి. 1971లో పెద్దలకు ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. లోపలి ఆటలకు ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా అయిదు తరగతుల చీటీలు, పుస్తకంగా కుట్టి అమ్మేవారు. ‘ఏ’ అంటే మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు బండి. ‘ఈ’ అంటే దయ్యాల భవంతి, జలాంతర్గామి లాంటి పెద్దవి, విడిగా కొంటే ఒక్కోటి 90 సెంట్లు. ‘ఈ’ చీటీకి ఎంత పేరొచ్చిందంటే, 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ శాలీ రైడ్ తన ప్రయాణాన్ని దానితోనే పోల్చింది. ఈ పద్ధతి పైకి పీనాసితనంలా కనిపిస్తుంది, నాకు అందులో లాభమే కనిపిస్తుంది. చేతిలో చీటీలు కొన్నే ఉన్నాయి గనుక కుటుంబం బెంచీ మీద కూర్చుని మాట్లాడుకోవాలి. ఏది ఎక్కాలి, ఏది వదలాలి, తమ్ముడికి ఏది ఇవ్వాలి. ‘ఈ’లు అయిపోయాక మిగిలిన ‘ఏ’లతో తీరిగ్గా గుర్రపు బండి ఎక్కాలి. పరుగుకు తనంతట తానే కళ్లెం పడేది. 1982లో ఎప్కాట్ తెరవడంతో ఈ పుస్తకాలు పోయి రోజంతటికీ ఒకే టికెట్ వచ్చింది. ఎన్నిసార్లు ఎక్కితే అంత గిట్టుబాటు అన్న లెక్క కూడా దానితోపాటే వచ్చింది.

అప్పట్లో వారం సెలవుకు వెళ్తే వారమంతా పార్కులోనే ఉండాలన్న పట్టుదల లేదు. ఫోర్ట్ వైల్డర్‌నెస్ పక్కన 1976లో రివర్ కంట్రీ అనే ఈత కొట్టే చోటు తెరిచారు. అడుగున ఇసుక, బే లేక్ నుంచి వడకట్టిన నీళ్లు, పల్లెల్లో పిల్లలు ఏటిలో దూకే ఆట. చిన్న పడవ అద్దెకు తీసుకుని సరస్సులో తిరగొచ్చు. చీకటి పడ్డాక ‘ఎలక్ట్రికల్ వాటర్ పేజెంట్’ వచ్చేది. బల్లకట్టుల మీద దీపాలతో చేసిన తిమింగలం, తాబేలు, సముద్రసర్పం నీళ్ల మీద వరసగా సాగుతూ ప్రతి హోటల్ ముందునుంచీ పోయేవి. 1971 నుంచీ నడుస్తున్న ఊరేగింపు అది. దానికి వరస కట్టనక్కర్లేదు. రాత్రి భోజనం చేసి ఒడ్డుకు నడిస్తే అదే మన దగ్గరికి వస్తుంది.

ఆనాటివన్నీ బంగారమని చెప్పను. పాలినీషియన్ ముందు అలలు పుట్టించాలని యంత్రం పెడితే ఒడ్డు కోసుకుపోయి ఆపేయాల్సి వచ్చింది. రివర్ కంట్రీలో ఈదిన ఒక పిల్లవాడు 1980లో మెదడుకు సోకిన అమీబా జబ్బుతో చనిపోయాడు. వెచ్చని సరస్సు నీళ్లలో ఉండే ప్రమాదం అది. 2001 తర్వాత ఆ చోటు మళ్లీ తెరుచుకోలేదు. పాలినీషియన్ హోటల్ కూడా ఆ దీవుల్లో మనుషులు నిజంగా ఎలా బతుకుతారో చూపినది కాదు, అమెరికన్ల ఊహలోని దీవి. జ్ఞాపకం వీటిని మింగేస్తుంది. కానీ వీటిని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ రూపకల్పన విలువ తగ్గదు.

1984లో మైకేల్ ఐస్నర్ కంపెనీ పగ్గాలు పట్టాక హోటళ్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. దానివల్ల మధ్యతరగతికి గదులు దొరికాయి, అది మంచిదే. 1999లో వరసలో నిలబడకుండా ముందే వేళ కేటాయించే ఫాస్ట్‌పాస్ వచ్చింది. తర్వాత రిస్ట్‌బ్యాండులు, ఆ తర్వాత ఫోన్‌లో డబ్బు కట్టి వరస దాటడం. ఇప్పుడు సెలవుకు వెళ్లిన తల్లిదండ్రుల్లో ఒకరు పొద్దుటినుంచీ ఫోన్ తెర మీదే ఉంటారు. ఏ గంటకు ఏది, ఎటు పరుగెత్తాలి అని. కోట అదే, సరస్సు అదే, నేల రంగు మారే చోట్లూ చాలావరకు అవే. వాటిని గమనించే తీరికే మాయమైంది. పాతవాళ్లు దేనికి బెంగపడుతున్నారని అడిగితే నా జవాబు ఇదే.

మనకూ ఈ విద్య దగ్గరిదే. హైదరాబాద్ శివార్లలో రామోజీరావు 1996లో కట్టించిన ఫిల్మ్ సిటీ సినిమా సెట్టునూ సెలవునూ కలిపిన చోటు. లోపలే సితార, తార అని హోటళ్లు పెట్టారు. బస్సులో తిరిగి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు సెట్లు చూస్తారు. రాత్రి అక్కడే ఉండి, జనం పల్చబడ్డాక నడిచినవాళ్లు ఆ పనితనాన్ని చూస్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నయాగరా తర్వాత డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండోకు తీసుకెళ్లడం మామూలే. వాళ్లకోసం ఒక మాట. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మూడు రోజులు వరసల్లో నిలబెట్టకండి. ఒక రోజు పార్కు పూర్తిగా మానేయండి. హోటళ్లను చుట్టివచ్చే మోనోరైలుకు పార్కు టికెట్ అడగరు. కాంటెంపరరీలో దిగి, పిల్లలతో కలిసి అయిదు కాళ్ల మేకను వెతకమనండి. ఆ రాత్రి నీళ్ల మీద ఊరేగింపు ఉందో లేదో, ఏ వేళకు వస్తుందో ముందే హోటల్లో అడిగి, పాలినీషియన్ ఒడ్డున వాళ్లకు కుర్చీలు చూసిపెట్టండి. దానికి పైసా ఖర్చు లేదు.