ఆటకో పీసీ, ప్రసారానికో పీసీ

ఆట ఆడే కంప్యూటర్‌కు, ఆ ఆటను వేలమంది చూస్తున్నారన్న సంగతి తెలియకూడదు. రెండు పీసీల పద్ధతి పుట్టింది ఇందుకే. 2011లో లైవ్ ప్రసార వేదిక ట్విచ్ మొదలైన రోజుల్లో గేమర్ల ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా నాలుగు కోర్ల ప్రాసెసర్లు. గేమ్‌కు ఆ నాలుగూ కావాలి. బొమ్మను కుదించే ఎక్స్264 ఎన్‌కోడర్‌కూ అవే కావాలి. ఎన్‌కోడర్‌ది పైచేయి అయితే ఆట తడబడేది. ఆటది పైచేయి అయితే చూసేవాళ్లకు బొమ్మ ఆగి ఆగి వచ్చేది. పెళ్లింట్లో వండేవాళ్లు, వడ్డించేవాళ్లు వేరైనట్టు, స్తోమత ఉన్న స్ట్రీమర్లు పని విడదీశారు: ఒక పీసీలో ఆట, రెండోదాంట్లో ప్రసార సాఫ్ట్‌వేర్ ఓబీఎస్, మధ్యలో ఆట బొమ్మను అందుకునే క్యాప్చర్ కార్డు.

ఆ కుదింపు మామూలు పని కాదు. సెకనుకు 60 ఫ్రేముల 1080పీ బొమ్మ కుదించకముందు సెకనుకు దాదాపు 1.5 గిగాబిట్లు. ట్విచ్ చాలాకాలం సూచిస్తూ వచ్చిన హద్దు 6 మెగాబిట్లు. అంటే సుమారు 250వ వంతుకు తేవాలి. పచ్చిక, వాన, పొగ తెరమీదికి రాగానే బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరేది ఇందుకే. ఎక్స్264 సెట్టింగ్‌ను 'వెరీఫాస్ట్' నుంచి 'మీడియం'కు మారిస్తే అంతే డేటాలో బొమ్మ తేటపడుతుంది, ప్రాసెసర్‌కు మాత్రం ఊపిరాడదు. ఆ భారం మోయడానికే రెండో పీసీ.

అయినా రెండు పీసీలు పెట్టాక కూడా ఆట మందగించిందని వాపోయేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది ప్రాసెసర్‌ను కాదు, కేబుళ్లు కలిపిన తీరును. అందరికీ మొదట తోచేది డూప్లికేట్ పద్ధతి: గ్రాఫిక్స్ కార్డు నుంచి ఒక కేబుల్ మానిటర్‌కు, ఇంకొకటి క్యాప్చర్ కార్డుకు, విండోస్‌లో రెండు తెరలకూ ఒకే బొమ్మ. క్యాప్చర్ కార్డు 60 హెర్ట్జ్‌దైతే 240 హెర్ట్జ్ మానిటర్ కూడా 60కి దిగిపోవచ్చు. 4.2 మిల్లీసెకన్లకోసారి మారాల్సిన బొమ్మ 16.7కోసారి మారుతుంది. వాలరెంట్‌లాంటి ఆటలో అది చావుబతుకుల తేడా. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు ఎంత చూపిస్తోందో ఒకసారి చూస్తే సగం గుట్టు అక్కడే బయటపడుతుంది.

రెండో దారి పాస్‌త్రూ. మానిటర్‌ను క్యాప్చర్ కార్డు వెనక తగిలిస్తే, బొమ్మ కార్డులోంచి దాటి మానిటర్‌కు చేరుతుంది. గేమింగ్ పీసీకి అదనపు పని ఉండదు. కాకపోతే మన రిఫ్రెష్ రేటును కార్డు మోయగలగాలి. మానిటర్ వేగాన్ని ఆట ఫ్రేములతో కలిపి నడిపే జీ-సింక్, ఫ్రీసింక్‌లను కొన్ని కార్డులు దాటనివ్వవు. కొనేముందు పెట్టెమీద '4కె' అన్న పెద్ద అక్షరాలు వదిలేసి, పాస్‌త్రూ ఎన్ని హెర్ట్జో చెప్పే చిన్న అక్షరాలు చదవాలి.

క్యాప్చర్ కార్డును రెండో తెరగా పెట్టి ఓబీఎస్ ప్రొజెక్టర్‌తో బొమ్మను అటు పంపేవాళ్లున్నారు. మానిటర్ వేగం తగ్గదు గానీ ఓబీఎస్ మళ్లీ గేమింగ్ పీసీలోకి వచ్చి కూర్చుంటుంది, గ్రాఫిక్స్ కార్డులో వాటా అడుగుతుంది. కార్డు అంచులదాకా నిండకుండా గేమ్ ఫ్రేమ్ రేటుకు హద్దు పెడితే కొంత నయం. బొమ్మను నెట్‌వర్క్‌మీద పంపే ఎన్‌డీఐ పద్ధతిలో క్యాప్చర్ కార్డే అక్కర్లేదు, నెట్‌వర్క్ కేబుల్ చాలు. అయితే పంపేముందు బొమ్మను కుదించాల్సింది గేమింగ్ పీసీయే. వదిలించుకున్న పని దొడ్డిదారిన తిరిగొచ్చినట్టే.

ఒక చిన్న లెక్క: 240ని 60 శేషం లేకుండా భాగిస్తుంది, 144ను భాగించదు. 144 హెర్ట్జ్ బొమ్మను 60కి దించినప్పుడు ఫ్రేములు సమానమైన ఎడంతో రావు, ప్రసారంలో సన్నని కుదుపు కనిపిస్తుంది. 120కి మార్చుకుంటే అది పోతుంది.

శబ్దం ఇంకో తలనొప్పి. గేమ్ శబ్దం హెచ్‌డీఎంఐలో వెళ్లిపోతే హెడ్‌ఫోన్స్‌లో వినపడదు. వాయిస్‌మీటర్‌లాంటి సాఫ్ట్‌వేర్‌తో రెండు దిక్కులకూ పంపాలి. రెండు పీసీలను ఆక్స్ కేబుల్‌తో కలిపితే గ్రౌండ్ లూప్ వల్ల గుయ్‌మనే మోత రావచ్చు, ఐసొలేటర్ పెడితే ఆగుతుంది. కార్డు దాటి వచ్చే బొమ్మ కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి మైక్‌నూ అంతే ఆలస్యం చేయాలి. దానికి ఓబీఎస్‌లో సింక్ ఆఫ్‌సెట్ ఉంది. ఎంతన్నది తేల్చడానికి, ఆటలో తుపాకీ పేల్చే మౌస్ క్లిక్‌ను మైక్‌కు వినిపించేలా నొక్కి రికార్డు చేసి, క్లిక్ చప్పుడుకూ తెరమీద మెరుపుకూ మధ్య ఫ్రేములు లెక్కపెడితే సరి.

ఇంతా చేసి ఇప్పుడు రెండో పీసీ అవసరమా? బొమ్మ నాణ్యత కోసమే అయితే వద్దంటాను. ఎన్విడియా 2012లోనే గ్రాఫిక్స్ కార్డులో ఎన్‌వెంక్ అనే ప్రత్యేక ఎన్‌కోడర్ పెట్టింది; 2018 ట్యూరింగ్ తరంతో దాని బొమ్మ బాగా మెరుగుపడింది, 2022లో ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతి కూడా చేరింది. అలాంటి కార్డున్నవాళ్లు ఆ డబ్బును మంచి మైక్‌మీద పెట్టడం మేలు.

రెండో యంత్రం తప్పనివాళ్లూ ఉన్నారు. ఫోన్‌లో బీజీఎంఐ ఆడుతూ క్యాప్చర్ కార్డుతో యూట్యూబ్‌లో లైవ్ పెట్టేవాళ్లకు ఫోనే మొదటి యంత్రం. గేమ్ క్రాష్ అయినా ప్రసారం తెగకూడదనుకునే పోటీ ఆటగాళ్లకూ ఇది కావాలి. కరెంటు మీద నమ్మకం లేని చోట ఇంకో లాభం ఉంది. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల చుట్టుపక్కలే. పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ పీసీని అది నిలపలేకపోవచ్చు. స్ట్రీమింగ్ పీసీనీ రౌటర్‌నూ దానికి తగిలిస్తే, కరెంటు పోయి ఆట ఆగినా లైవ్ కాసేపు నిలుస్తుంది.