సెలవులనుకుని బయల్దేరిన పిల్ల

రాబిన్ హా గ్రాఫిక్ మెమొయిర్ 'ఆల్మోస్ట్ అమెరికన్ గర్ల్' (2020). 1995లో పద్నాలుగేళ్ల చునా, సెలవులకే అనుకుని అమ్మతో సియోల్ నుంచి అలబామాలోని హంట్స్‌విల్‌కి వస్తుంది. తీరా చూస్తే అక్కడ అమ్మ పెళ్లి. ఇక వెనక్కి వెళ్లేది లేదు! కొత్త స్కూలు, రాని ఇంగ్లిష్, 'రాబిన్' అని కొత్త పేరు.

స్కూల్లో ఎగతాళి మనం ఊహించగలిగేదే. అసలు గాయం ఇంట్లో ఉంది: అమ్మ ఒక్క మాటైనా అడగలేదు. అలాగని హా అమ్మని బోనులో నిలబెట్టి వదిలేయదు. ఒంటరి తల్లిని కొరియా సమాజం ఎలా చూసిందో కూడా చూపిస్తుంది. కోపమూ పోదు, ప్రేమా పోదు. కూతుర్ని కామిక్స్ క్లాసులో చేర్చిందీ ఆ అమ్మే. మాట పోయిన పిల్లకి బొమ్మ దొరకడమే ఈ పుస్తకానికి ప్రాణం.

మన డయాస్పోరా కథల్లో ఎక్కువగా మాట్లాడేది వీసా తెచ్చుకున్న పెద్దవాళ్లే. "నువ్వు వస్తావా?" అని పిల్లల్ని ఎవరైనా అడిగారా?