వెలిసిన విగ్రహం: ప్రజావేగుకు గౌరవం ఎవరు చేయాలి?

ఎవరూ చూడని వేళ కూడలిలో ఒక విగ్రహం నిలబడితే మనం 'వెలిసింది' అంటాం, 'పెట్టారు' అనం. దేవుళ్ళ విషయంలో వాడే ఆ మాట నాయకుల విగ్రహాలకూ అలవాటుగా అంటుకుంది. అందులో ఒక సౌకర్యం ఉంది. పెట్టిన చేతులు కనిపించవు. అనుమతి ఎవరిచ్చారన్న ప్రశ్న వెనక్కి పోతుంది. అదే మాటకు వాడుకలో ఇంకో అర్థం కూడా ఉంది. బట్ట రంగు వెలిసిందంటే ఆ రంగు పోయిందని. ఈ రెండర్థాలూ ఒక్క రోజులోనే నిజమైన ఒక శిల్పం గురించి ఈ వ్యాసం. ఆ శిల్పం న్యూయార్క్ నగరానిది. అయినా వర్లిలో, కామాఠీపురలో పెరిగి తెలుగు చదువుకుంటున్నవారు దాని చుట్టూ జరిగిన వాదాన్ని గమనించడం అవసరమని నా అభిప్రాయం.

2015 ఏప్రిల్ 6న ఇంకా తెల్లవారకముందు, బ్రూక్లిన్‌లోని ఫోర్ట్ గ్రీన్ పార్కులోకి కొందరు పనివాళ్ళ పసుపుపచ్చ కోట్లు తొడుక్కుని వచ్చారు. అక్కడ అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలపు స్మారకం ఒకటి ఉంది. బ్రిటిష్ వారి ఖైదు ఓడల్లో మరణించిన 11 వేల పైచిలుకు బందీల జ్ఞాపకార్థం కట్టిన 149 అడుగుల స్తంభం అది, 1908లో ఆవిష్కరించారు. దాని అంచున ఉన్న చిన్న స్తంభం మీద వచ్చినవాళ్ళు ఎడ్వర్డ్ స్నోడెన్ అర్ధశిల్పాన్ని అతికించి, కింద అతని ఇంటిపేరు పెద్ద అక్షరాలతో పెట్టి వెళ్ళిపోయారు. శిల్పం బరువు సుమారు 100 పౌన్లు, పైన కంచు రంగు పూత. మధ్యాహ్నానికి దాని మీద టార్పాలిన్ కప్పారు, ఆ తరువాత తొలగించారు. అనుమతి లేని కట్టడాలు పార్కులో పెట్టకూడదన్నది నగర పాలకుల మాట. కొన్ని గంటల్లోనే, ఆ రాత్రి, వేరే కళాకారుల బృందం అదే చోట పొగ రేపి, ఆ పొగ మీద స్నోడెన్ బొమ్మను వెలుతురుతో వేసింది. శిల్పం వెనక ఉన్న ఆండ్రూ టైడర్, జెఫ్ గ్రీన్‌స్పాన్ 50 డాలర్ల చొప్పున జరిమానాతో బయటపడ్డారు. బొమ్మ వాళ్ళ చేతికి తిరిగి వచ్చింది.

స్నోడెన్ ఎవరో క్లుప్తంగా చెప్పుకోవాలి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ కోసం ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున పనిచేస్తూ, ఆ సంస్థ కోట్లాదిమంది ఫోన్ కాల్స్ వివరాలను మూకుమ్మడిగా సేకరిస్తున్నదని 2013 జూన్‌లో పత్రికల ద్వారా బయటపెట్టినవాడు. అతని మీద 1917 నాటి గూఢచర్య చట్టం కింద కేసు పెట్టారు. రష్యాలో ఆశ్రయం పొందాడు. 2022లో ఆ దేశ పౌరసత్వం వచ్చింది. ఇటువంటివారికి మన పత్రికలు 'ప్రజావేగు' అనే మాట తయారు చేసుకున్నాయి. వేగు రాజు మనిషి. రాజు కోసం ప్రజల గుట్టు మోస్తాడు. ప్రజావేగు ప్రజల కోసం రాజు గుట్టు మోస్తాడు. స్నోడెన్ మీద వాదమంతా ఈ సమాసంలోనే ఉంది. ప్రతిపక్షం మొదటి పదాన్ని కొట్టివేసి రెండోదాన్నే ఉంచుతుంది. వాళ్ళకు అతను వేగు మాత్రమే.

వాదంలో పక్షాలు రెండే అనుకోవడం పొరపాటు. అతన్ని దేశద్రోహి అన్నవాళ్ళూ, వీరుడు అన్నవాళ్ళూ సరే. వాళ్ళ మధ్య, అతను చేసింది మంచిదే అని నమ్ముతూనే ఆ చోటును తప్పుపట్టగలవారి వాదం నాకు అన్నిటికన్నా బలమైనదిగా తోస్తుంది. ఓడల్లో ఆకలితో, జబ్బులతో చచ్చిపోయిన బందీలను ఎవరూ అడగలేదు. ప్రాణాలతో ఉన్న ఒక మనిషిని వాళ్ళ పక్కన నిలబెట్టడం, వాళ్ళ చావును మన వాదానికి సాక్ష్యంగా వాడుకోవడం కాదా? పైగా రాత్రివేళ నా వీరుణ్ణి నేను పెట్టగలిగితే, రేపు రాత్రి నా ప్రత్యర్థి తన వీరుణ్ణి పెడతాడు. పార్కు అందరిదీ అయినప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్ళదే అనడం న్యాయం కాదు.

ఆ బందీలు ఏ ఆదర్శం కోసం పోరాడారో దాని కోసమే స్నోడెన్ పనిచేశాడన్నది కళాకారుల సమాధానం. నాకిది సగమే ఒప్పుకోదగినదిగా కనిపిస్తుంది. వాళ్ళ చేత మరింత బలమైన సమాధానం ఉంది, దాన్ని వాళ్ళ శిల్పమే చెబుతుంది. అనుమతి లేకుండా బయటపెట్టినవాడికి అనుమతితో గౌరవం దొరకదు. ఏ ప్రభుత్వం అతని మీద కేసు పెట్టిందో ఆ వ్యవస్థే పార్కులో జాగా ఇవ్వాలంటే, ఆ దరఖాస్తు ఏ గతి పడుతుందో ఊహించడం కష్టం కాదు. కాబట్టి దొంగచాటుతనం ఈ గౌరవానికి అంటిన మచ్చ కాదు, దాని స్వభావమే. శిల్పం పెట్టిన నెల రోజులకు, 2015 మే 7న, న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ ఫోన్ వివరాల సేకరణకు చట్టం మద్దతు లేదని తీర్పు చెప్పింది. అనుమతి ఉన్నదానికీ న్యాయమైనదానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఆ తీర్పు చూపింది.

అయితే శిల్పంగా అది ఎలాంటిది? ఇక్కడ విమర్శకుడు మొహమాటపడకూడదు. ఉద్దేశం గొప్పదైనా రూపం పాతది. కంచు రంగు, ఛాతీ వరకు మనిషి, కింద పేరు: ఇది సేనాపతులకూ దాతలకూ తరతరాలుగా వాడిన వ్యాకరణం. స్నోడెన్ బయటపెట్టింది ఒక ముఖాన్ని కాదు. ముఖం లేని, కనిపించని ఒక నిఘాను. ఈ బొమ్మ చూసి వెళ్ళినవాడికి అతని కళ్ళద్దాలు గుర్తుంటాయి, అతను ఏం చెప్పాడో గుర్తుండదు. ఆ రాత్రి పొగ మీద వేసిన బొమ్మ ఇంతకన్నా మంచి కళ అని నా నిర్ణయం. పట్టుకోవడానికి అందదు, టార్పాలిన్‌తో కప్పడానికి వీలు కాదు, గాలి మారితే చెదిరిపోతుంది. దేశం లేకుండా తిరిగిన మనిషికి ఆ రూపమే తగింది. కాని శిల్పం లేకపోతే ఆ పొగకు అర్థం లేదన్న మాటను కూడా కాదనలేం.

ఇక మన సంగతి. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అవినీతిపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరు 27న గయలో హత్యకు గురయ్యారు. ఆ పేరు గోప్యంగా ఉండలేదు. 2014లో ప్రజావేగుల రక్షణ చట్టం వచ్చింది. పదేళ్ళు నిండేసరికి కూడా అమలు తేదీ ప్రకటించలేదు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యులు డాక్టర్ సుధాకర్ మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. మరుసటి నెల విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన దృశ్యం దేశమంతా చూసింది. 2021 మేలో ఆయన చనిపోయారు. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించిన సంగతి కూడా మరవకూడదు. ఆ ఆదేశం తరువాత కూడా మన ఊళ్ళలో విగ్రహాలు వెలుస్తూనే ఉన్నాయి. వాటిలో కులానికీ పార్టీకీ చెందినవే ఎక్కువ. ప్రజావేగుకు కులసంఘం లేదు, పార్టీ లేదు. అతని కోసం రాత్రిపూట సిమెంటు కలిపేవాళ్ళు దొరకడం కష్టం.

వర్లి గోడలకు ఈ ప్రశ్న కొత్త కాదు. బి.డి.డి. చాళ్ళ గోడల మీద అంబేడ్కర్, బుద్ధుల బొమ్మలు చూస్తూ పెరిగినవారికి, గోడ మీద ఒక ముఖం అంటే అలంకారం కాదనీ, ఇక్కడ మేమున్నాం అన్న ప్రకటన అనీ వేరే చెప్పనక్కర లేదు. 1974 జనవరి అల్లర్లలో ఆ చాళ్ళు ఏం చూశాయో పెద్దలకు తెలుసు. రేపు మన విద్యార్థులెవరైనా ఒక గోడ మీద దూబే బొమ్మో, సుధాకర్ బొమ్మో గీస్తామంటే నేను వద్దనను. రెండు షరతులు మాత్రం పెడతాను. మొదటిది, గీసినవాళ్ళు జరిమానాకు సిద్ధపడాలి. బ్రూక్లిన్ కళాకారులు కట్టిన 50 డాలర్లు చిన్న మొత్తమే అయినా, ఆ పని మాదే అని ఒప్పుకోవడానికి అది గుర్తు. రెండవది, ముఖం కన్నా పెద్దగా ఆ మనిషి చెప్పిన విషయం రాయాలి: ఏ రోడ్డు, ఏ పని, ఏ ఆసుపత్రిలో ఏది లేదు. ముఖాన్ని గౌరవించి మాటను మరిచిపోవడం ప్రభుత్వాలకు కూడా సులువే. విగ్రహం పెట్టడం చట్టాన్ని అమలు చేయడం కన్నా చవక.

ఆ గోడలు కూడా ఎల్లకాలం ఉండవు. 2025 ఆగస్టులో వర్లి చాళ్ళ వాసులకు కొత్త టవర్లలో తొలి విడత ఇళ్ళ తాళాలు ఇచ్చారు. పాత గోడలతో పాటు వాటి మీది బొమ్మలూ పోతాయి. కొత్త గోడ మీద ఏం రాయాలన్నా సొసైటీ అనుమతి కావాలి. అప్పుడు ఈ వాదం బ్రూక్లిన్‌ది కాదు, మనదే అవుతుంది.