తల్లికి పెట్టిన పరీక్ష
పిల్లల ప్రవర్తనను సరిదిద్దే పద్ధతులు తల్లిదండ్రులకు ఎంత తెలుసో కొలవడానికి 1979లో ఓడెల్ తదితరులు అమెరికాలో 50 ప్రశ్నల పరీక్ష తయారుచేశారు. మొండికేసి ఏడ్చే బిడ్డను పట్టించుకోకూడదు, ఊరుకోగానే మెచ్చుకోవాలి: అందులోని ఈ తరహా సూత్రాలు నాకూ తెలుసు. తెలిస్తే బిడ్డకు కొన్ని దెబ్బలైనా తప్పుతాయి, కాదనను. కానీ మా ఇంట్లో ఏడుపు మొదలవగానే అత్తగారు బిస్కెట్ ఇచ్చేస్తారు. ఆయన పక్కగదిలోంచి "ముందు వాడి నోరు మూయించు" అంటారు. పట్టించుకోకుండా ఊరుకునే హక్కు నాకు లేదు. పరీక్షలో మంచి మార్కులొచ్చినా ఇంట్లో నేను పెంపకం చేతకాని తల్లినే. 'తల్లిదండ్రులు' అన్న మాట చాటున ఆ పరీక్ష రాస్తున్నది ఎవరు? తెలిసినదాన్ని ఆచరించే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఇవి అడగనంతవరకు ఆ కొలత నిస్సహాయతను కూడా అజ్ఞానం కిందే జమకడుతుంది.