పండితుడి ప్రశ్నలు, సిద్ధాంతి జవాబులు

2012 జూన్ 6 పొద్దున కాలేజీ మేడ మీంచి శుక్రగ్రహ సంక్రమణం చూశాను. సూర్యబింబం మీద ఓ నల్లచుక్క, అంతే. ఇంత చుక్క కోసమా ఈ హడావుడి అనుకున్నాను. దాని విలువ తెలిసింది ఈమధ్యే, 1874 సంక్రమణం గురించి చింతామణి రఘునాథాచారి రాసిన చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషులో చదివాక.

ఆయన గురించి వెతికితే ఎక్కడైనా ఒకటే వరస. మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్‌కి మొదటి సహాయకుడు. 1867లో ఆర్ రెటిక్యులి అనే నక్షత్రపు వెలుగు హెచ్చుతగ్గులని కనిపెట్టాడు. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1880లో పోయాడు. అన్నీ నిజాలే, కానీ రెజ్యూమె చదివినట్టుంటుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం అనగానే మనకి గుంటూరు, జాన్సెన్, హీలియం గుర్తొస్తాయి. ఆరోజు పాగ్సన్ మచిలీపట్నంలో ఉంటే, వనపర్తిలో ఓ బృందాన్ని నడిపింది రఘునాథాచారి. ఆ సంగతి తెలుగువాళ్లం పెద్దగా తలచుకోం.

ఆయన్ని అంచనా వేయడానికి నాకు నక్షత్రం కన్నా పుస్తకమే ముఖ్యమనిపించింది. అది ఒక పండితుడికీ సిద్ధాంతికీ మధ్య సంభాషణ. శుక్రుడు సూర్యుడికి అడ్డొచ్చినప్పుడు వేర్వేరు చోట్ల నుంచి చూస్తే, వాడి దారి బింబం మీద కాస్త జరిగినట్టు కనిపిస్తుంది. ఆ తేడాని బట్టి సూర్యుడి దూరం లెక్క కట్టొచ్చు. ఇది చెప్పడానికి ఏ పామరుణ్ణో ఎదురుగా కూర్చోబెట్టుకోవచ్చు. ఆయన పండితుణ్ణి ఎంచుకున్నాడు. అంటే ప్రశ్న అడిగేవాడికి శాస్త్రం తెలుసు, తన లెక్కల మీద గౌరవమూ ఉంది. అలాంటివాడికి కొత్త మాట చెప్పడమే కష్టం.

మా ఆఫీసులో పాత సిస్టం మార్చినప్పుడల్లా మేం చేసే తప్పు ఇక్కడే. 'లెగసీ' అని ఈసడిస్తాం, ఇన్నేళ్లూ దాన్ని నడిపినవాళ్లని ఒక్క ప్రశ్నా అడగనివ్వం. తర్వాత వాళ్లు కొత్తదాన్ని ముట్టుకోకపోతే ఆశ్చర్యపోతాం.

లోపం లేదని అనను. సంభాషణగా రాసిన పాఠాలన్నిటికీ ఉన్న జబ్బు దీనికీ ఉంది: సిద్ధాంతి ఎప్పుడూ ఓడడు. బయట మాత్రం గెలుపు అంత తేలిగ్గా దొరకలేదు. పంచాంగాన్ని ఆకాశంలో కనిపించేదానితో సరిచూసుకోవాలంటూ ఆయన దృగ్గణిత పంచాంగాలు వేశాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. మా ఇంట్లోనే కొన్ని ఏళ్లు ఒకే పండక్కి రెండు తేదీలు వస్తాయి. తాతయ్య ఒక పంచాంగం తెరుస్తాడు, మావయ్య ఇంకోటి. నేను ఫోన్‌లో గ్రహస్థానాలు చూపించి నెగ్గాననుకునేవాణ్ణి. తాతయ్యని ఒక్క ప్రశ్నా అడగనివ్వలేదని ఈ పుస్తకం చదివాకే తట్టింది.

మళ్లీ సంక్రమణం 2117లో. మనం ఉండం. పండగ తేదీల గొడవ మాత్రం వచ్చే ఏడూ ఉంటుంది. ఈసారి ఫోన్ జేబులోనే ఉంచి, ముందు తాతయ్య లెక్కేమిటో అడుగుతాను.