కప్ప లోపలి చెయ్యి

ఓ మేజోడు చేతికి తొడుక్కుని దాంతో ‘అమ్మా’ అనిపించి చూడండి. చేయి తిరగనివాళ్లు పై నాలుగు వేళ్లూ ఎత్తేస్తారు. దాంతో బొమ్మ తల వెనక్కి విరుచుకుపోయి, కళ్లు ఇంటికప్పును చూస్తాయి. మాట్లాడినట్టుండదు, ఆవులించినట్టుంటుంది. పని తెలిసినవాళ్లు ఆ వేళ్లను దాదాపు కదపరు, బొటనవేలొకటే కిందికి దించుతారు. మన దవడ కదిలేదీ కిందికే కదా. అప్పుడా బొమ్మ మీ కళ్లలోకి చూస్తూనే మాట్లాడుతుంది.

పిల్లలకు బొమ్మలాడించడం నేర్పేటప్పుడు నేను ముందుగా పట్టించేది ఈ బొటనవేలినే. పాత బొమ్మల్ని మళ్లీ వెండితెర మీదికి తెస్తున్నారని ఎప్పుడు విన్నా నాకు ముందు వచ్చే అనుమానం కూడా దాని గురించే. బొమ్మను కొత్తగా కుట్టించుకోవచ్చు. లోపలి చెయ్యి సంగతేమిటి?

అమెరికావాళ్ల మప్పెట్లనే బొమ్మలకు ఈ చిక్కు గట్టిగానే వచ్చింది. వాటిలో పెద్దది కెర్మిట్ అనే కప్ప. 1955లో జిమ్ హెన్సన్ అనే కుర్రాడు వాళ్లమ్మ పాత కోటు గుడ్డ కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు చిప్పలు చేసి కళ్లుగా పెట్టి దాన్ని తయారుచేశాడు. అప్పటికింకా అది కప్పని కూడా తేలలేదు. 1976 నుంచి 1981 వరకు ఇంగ్లండులోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో తీసిన 120 భాగాల టీవీ కార్యక్రమం ‘ది మప్పెట్ షో’తో ప్రపంచానికంతా తెలిసిపోయింది. అందులో హాస్యమంతా నాటకం పాడైపోవడంలోనే ఉంది. తెర వెనక కెర్మిట్ తల పట్టుకుంటాడు, ఫాజీ అనే ఎలుగుబంటి జోకు పేలదు, పైన బాల్కనీలో ఇద్దరు ముసలాళ్లు ప్రతి అంకాన్నీ తిట్టిపోస్తుంటారు. 1990లో హెన్సన్ 53 ఏళ్లకే పోయాడు. కప్ప స్టీవ్ విట్‌మైర్ చేతికొచ్చింది. 2004లో హక్కులు డిస్నీ కొనుక్కుంది. 1999 తర్వాత చాలా ఏళ్లు థియేటర్లలోకి మప్పెట్ల సినిమా ఒక్కటీ రాలేదు.

మళ్లీ కదిలించినవాడు జేసన్ సెగెల్. పెద్దవాళ్ల హాస్య చిత్రాల నటుడు. 2008లో తానే రాసి నటించిన ఓ సినిమా చివర డ్రాక్యులా మీద బొమ్మల సంగీత నాటకం పెట్టాడు. ఆ బొమ్మలు తయారైంది హెన్సన్ సంస్థలోనే. ఆ ఊపులో నికొలస్ స్టోలర్‌తో కలిసి మప్పెట్ల కథ రాశాడు. జేమ్స్ బాబిన్ దర్శకత్వంలో 2011 నవంబరులో ‘ది మప్పెట్స్’ వచ్చింది.

ఆ కథలో నాకు నచ్చింది దాని నిజాయితీ. వీళ్లను జనం మరిచిపోయారన్న సంగతినే కథగా చేసుకున్నారు. కెర్మిట్ పెద్ద భవంతిలో ఒంటరిగా ఉంటాడు. ఫాజీ ఓ నాసిరకం నకిలీ బృందంతో రీనోలో ఆడుకుంటుంటాడు. పాత థియేటరును కూలగొట్టి చమురు తవ్వాలని ఓ ధనికుడు చూస్తుంటాడు. దాన్ని దక్కించుకోవాలంటే కోటి డాలర్లు కావాలి, అందుకు మళ్లీ ఓ ప్రదర్శన వెయ్యాలి. అంటే మళ్లీ పాడైపోయే నాటకమే. వీళ్ల సరుకు అదే కాబట్టి అక్కడ తప్పటడుగు పడలేదు.

ఇక వాల్టర్. మనుషుల ఇంట్లో పెరిగిన బొమ్మ. గోడ మీద అన్నదమ్ముల ఎత్తు గుర్తులు గీస్తుంటారు. అన్న గీత ఏటా పైకెళుతుంది, వాల్టర్ గీత ఉన్నచోటే ఉంటుంది. డైలాగు అక్కర్లేకుండా వాడి బాధ తెలిసిపోతుంది. మప్పెట్లను ఎన్నడూ చూడని పిల్లలకు ఈ కొత్తవాడే తలుపు తీశాడు. ఆడించింది పీటర్ లింజ్. బ్రెట్ మెకెంజీ రాసిన ‘మ్యాన్ ఆర్ మప్పెట్’ పాటకు ఆస్కార్ కూడా వచ్చింది. సెగెల్, ఎమీ ఆడమ్స్‌ల ప్రేమకథ మాత్రం నాకు అడ్డుగానే తోచింది. ఫాజీకి తొడిగిన ఆ ‘వాయువు’ బూట్లయితే మరీ చవక.

ఈ చిత్రంలోని మప్పెట్లు కంప్యూటర్ గీసినవి కావు. సెట్టును ఎత్తు మీద కడతారు. ఆడించేవాళ్లు కింద నిలబడి, చెయ్యి నెత్తి మీదికెత్తి, ఎదుటి చిన్న తెరలో బొమ్మను చూసుకుంటూ ఆడిస్తారు. ఆ తెర అద్దం కాదు, కుడిఎడమలు తిప్పి చూపదు. అలవాటయ్యేదాకా బొమ్మ మీరనుకున్న పక్కకు పోదు. ఆడించేవాళ్ల కుడిచెయ్యి బొమ్మ తలలో ఉంటుంది గనుక చాలా మప్పెట్లు ఎడమచేతివాటానివే.

మిస్ పిగ్గీ అనే పందినీ, ఫాజీనీ పెంచి పెద్దచేసిన ఫ్రాంక్ ఆజ్ ఈ సినిమాకు రానన్నాడు. కథ నచ్చలేదని, పాత్రలకు తగిన గౌరవం దక్కలేదని బయటికే చెప్పాడు. ఆ బొమ్మల్ని ఎరిక్ జేకబ్సన్ ఆడించాడు. ఆజ్ మాట పెద్దాయన అలకని కొట్టిపారెయ్యలేను. మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా ఏ ఒక్కరి సొత్తూ కారు. ఏ మేళం వాళ్లు ఆ మేళం మాటలతో, ఏ ఊరికి ఆ ఊరి ఎకసెక్కాలతో ఆడించుకుంటారు. ఫలానావాడి కేతిగాడే అసలు కేతిగాడని ఎవరూ పట్టుబట్టరు. మప్పెట్లు అలా కాదు. ఒక్కో పాత్రా ఒక్కో మనిషి గొంతుతో, కెమెరా ముందు, కోట్లమంది చూస్తుండగా పెరిగింది. వారసుడు ఎంత బాగా ఆడించినా పక్కనే పాత రికార్డింగు ఉంటుంది. అయినా నా ఓటు జేకబ్సన్‌కే. పిగ్గీని పెట్టెలో పెట్టి గౌరవించడం కన్నా, కాస్త గొంతు తేడాగానైనా కెర్మిట్‌కు ఒక్కటిచ్చుకోనివ్వడం మేలు.

2014లో రెండో చిత్రం ‘మప్పెట్స్ మోస్ట్ వాంటెడ్’ వచ్చింది. మొదటిదానంత ఆడలేదు గానీ ఇప్పుడు చూస్తే తమాషాగా ఉంటుంది. అందులో అచ్చం కెర్మిట్‌లా ఉండే కాన్‌స్టంటీన్ అనే దొంగ కప్ప, అసలువాణ్ని జైలుకు పంపి ఆ స్థానంలో కూర్చుంటాడు. దొంగ కప్పను ఆడించింది మ్యాట్ వోగెల్. 2017 నుంచి అసలు కెర్మిట్‌ను ఆడిస్తున్నదీ ఆయనే. సినిమాలో దొంగ కప్ప రష్యన్ యాసలో దంచేస్తుంటే తోటి మప్పెట్లు పాపం జలుబు చేసిందనుకుంటాయి. అభిమానులు అంత అమాయకులు కారు, అసలు కెర్మిట్ గొంతు మారిందని తొలిరోజు నుంచే పంచాయితీ పెట్టారు.